వాడుకున్నందుకే నిలిచిన రాళ్లు

పారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషన్‌లో టీజీవీ ఎక్కితే సుమారు మూడు గంటల్లో నీమ్ వస్తుంది. పేరు వినగానే మనకు వేపచెట్టు గుర్తుకు రావచ్చు గానీ, ఆ ఊరికీ వేపకీ చుట్టరికం లేదు. రోమన్లు రాకముందు ఇక్కడి కెల్ట్ జాతివాళ్లు ఒక నీటి ఊటను కొలిచేవారు. ఆ ఊట దేవుడు నెమౌసుస్. ఆ పేరే అరిగి అరిగి నీమ్ అయింది. స్టేషన్ బయట రెండువైపులా చెట్లున్న తిన్నని వీధి పట్టుకుని పది నిమిషాలు నడిస్తే ఫౌంటెన్ ఉన్న పెద్ద మైదానం, దాని పక్కనే అరీనా. క్రీస్తుశకం మొదటి శతాబ్దం చివర్లో కట్టిన కోడిగుడ్డు ఆకారపు కట్టడమది. పొడవు 133 మీటర్లు, వెడల్పు 101, ఎత్తు 21. కింద 60 కమానులు, పైన 60 కమానులు. లోపల 34 వరుసల రాతిమెట్ల మీద ఆనాడు 24 వేల మంది దాకా కూర్చునేవారని లెక్క. ఇంత పాత కట్టడం ఇంత నిండుగా ఎలా మిగిలిందని అడిగితే, పర్యాటక కరపత్రాలు ఊరివాళ్లకు వారసత్వం మీదున్న మమకారం గురించి చెబుతాయి. చరిత్ర తిరగేస్తే ఆ జవాబు నిలబడదు. మమకారం ఈ కథలోకి పద్దెనిమిదో శతాబ్దంలో గాని అడుగుపెట్టలేదు. అంతకుముందు పదమూడు వందల ఏళ్లపాటు ఈ రాళ్లను నిలబెట్టింది అవసరం. నీమ్‌లో జనం వాడుకున్న కట్టడాలు మిగిలాయి, వాడకం తప్పినవి కూలాయి. నేటి ఉత్సవాలను కూడా ఆ వాడుకకు కొనసాగింపుగానే చూడాలి. పాత కట్టడానికి తగిలించిన అలంకారంగా చూస్తే ఈ ఊరు అర్థం కాదు.

అరీనా అంటే లాటిన్‌లో ఇసుక. నెత్తురు ఇంకడానికి నేల మీద ఇసుక పోసేవారు కాబట్టి మొత్తం కట్టడానికే ఆ పేరు స్థిరపడింది. మెట్ల మీద ఎవరెక్కడ కూర్చోవాలో ఊరి పాలక సభ ముందే తేల్చేది. రోన్, సోన్ నదుల పడవవాళ్ల సంఘానికి 40 చోట్లు, ఆర్దేష్, ఉవేజ్ నదుల పడవవాళ్లకు 25 చోట్లు కేటాయించినట్టు చెక్కిన రాతలు ఇక్కడ దొరికాయి. మన ఊళ్లలో తిరునాళ్ల నాటకానికి ముందు వరుస చాపలు ఎవరికన్నది ఎలా తేలేదో తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. ఐదో శతాబ్దం నాటికి ఆటలు ఆగిపోయాయి. ఆట ఆగిన ఆటస్థలం అక్కడితో రాళ్లగుట్టగా మారాల్సింది. అలా మారలేదంటే, ఆ తర్వాత ఊరిని ఏలిన విసిగోతు జాతివాళ్లు దాన్ని చూసి అందులో కోటను పోల్చుకున్నందుకే. కమానులు మూసేశారు, చుట్టూ కందకం తవ్వారు. 673లో విసిగోతు రాజు వాంబా మీద తిరగబడిన సేనాని పౌలుస్ చివరికి తలదాచుకున్నది ఈ గోడల మధ్యనే. ఎనిమిదో శతాబ్దంలో ఫ్రాంకుల నేత చార్లెస్ మార్టెల్ దీనికి నిప్పు పెట్టించాడు. కట్టడం కమిలింది గాని కూలలేదు. పన్నెండో శతాబ్దంలో నీమ్ ప్రభువుల కొలువు, వాళ్ల అశ్వికుల కాపురం ఇక్కడే. వాళ్లు వెళ్లిపోయాక పేదలు వచ్చారు. పద్దెనిమిదో శతాబ్దం నాటికి కమానుల కింద, మెట్ల మీద, ఇసుక మీద ఇళ్లు కట్టుకుని సుమారు 700 మంది బతుకుతున్నారు. లోపల రెండు చర్చిలు కూడా ఉండేవి. గోడ కూలితే తమ ఇల్లు కూలుతుంది కాబట్టి గోడను కాచుకున్నారు. వాళ్లలో ఎవరైనా రోమ్‌ను తలచుకుని ఆ పని చేశారని అనుకోవడానికి ఆధారమేమీ లేదు.

మేజోన్ కారె కథ ఇంకా తిక్కగా ఉంటుంది. పేరుకు అర్థం చదరపు ఇల్లు. చూస్తే పొడవు వెడల్పుకు దాదాపు రెట్టింపు. పాత ఫ్రెంచిలో మూలలు సరిగ్గా ఉన్న ప్రతిదాన్నీ కారె అనేవారు లెండి. అగస్టస్ చక్రవర్తి మనవలు, దత్తపుత్రులు కూడా అయిన గాయుస్, లూసియుస్‌లు చిన్న వయసులోనే చనిపోయారు. వాళ్లకు అంకితమిచ్చిన గుడి ఇది. ఎత్తైన అరుగు, చుట్టూ 30 స్తంభాలు, కొరింథియన్ ఆకుల తలకట్లు. అంకితవాక్యంలోని కంచు అక్షరాలు ఎప్పుడో ఊడిపోయాయి. అక్షరాలను బిగించిన మేకుల రంధ్రాలు మాత్రం రాతి మీద మిగిలాయి. ఆ రంధ్రాల అమరిక చూసి, ఏ అక్షరానికి ఎక్కడెక్కడ మేకు కొట్టి ఉంటారో లెక్కగట్టి, 1758లో జ్యాఁ ఫ్రాన్సువా సెగియె అనే స్థానిక పండితుడు శాసనాన్ని చదివాడు. అప్పటిదాకా ఊరివాళ్లకు అది ఎవరి గుడో కూడా తెలియదు! తెలియకపోయినా వాడుకున్నారు. పురపాలకుల సభాభవనంగా, గుర్రపుశాలగా, అగస్టీనియన్ సన్యాసుల చర్చిగా, ఫ్రెంచి విప్లవం తర్వాత జిల్లా కచేరీగా, 1823 నుంచి మ్యూజియంగా. థామస్ జెఫర్సన్ వర్జీనియా రాష్ట్ర శాసనసభా భవనానికి దీన్నే నమూనాగా తీసుకున్నాడు. ఆయన నమూనా గీయించింది 1785-86లో, నీమ్‌కు వచ్చి గుడిని కళ్లారా చూసింది 1787లో. అంటే గుర్రాలు కట్టేసుకున్న చోటే, చూడకుండానే మోజు పుట్టించేంత నిండుగా మిగిలి ఉందన్నమాట. గుర్రాలకు కొరింథియన్ తలకట్లతో పనిలేదు, కప్పు కారకుండా ఉంటే చాలు. కప్పు కారనంతకాలం కింద ఉన్న తలకట్లూ బతికాయి.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. వాడుకే కాపాడుతుందంటే, రోమ్‌లో కొలోసియం సగం ఎందుకు పోయింది? 1349 భూకంపంలో కూలిన దాని దక్షిణపు గోడ రాళ్లను వాడుకునే కదా రోమ్ తన భవనాలు కట్టుకుంది? నీమ్ చుట్టూ అగస్టస్ కాలంలో కట్టిన ఆరు కిలోమీటర్ల ప్రాకారం ఏమైంది? ప్రశ్న న్యాయమైనదే, దీనివల్ల నా వాదన కొంచెం తలవంచి నడవాలి. వాడుక రెండు రకాలు. ఒకటి కట్టడం కట్టడంగా నిలబడితేనే సాగేది, రెండోది దాని రాళ్లు విడివిడిగా దొరికితే చాలుననేది. కోట, ఇల్లు, గుర్రపుశాల, చర్చి మొదటి రకం. రాతి గని రెండో రకం. నీమ్ ప్రాకారం ఆ గని పాలైంది. ఆ ప్రాకారంలోనే కొండ మీదున్న మాన్య్ బురుజు మాత్రం నిలిచింది, ఎందుకంటే చుట్టుపక్కల కనుచూపు మేరంతా కాపలా కాయడానికి దానికన్నా మంచి చోటు లేదు. అక్కడా ఒక దురాశ దెబ్బ తీసింది. 1601లో ట్రాకా అనే తోటమాలి, నోస్ట్రడామస్ జోస్యం నమ్మాడంటారు, బురుజు కింద నిధి ఉందని నాలుగో హెన్రీ రాజు దగ్గర అనుమతి తెచ్చుకుని తవ్వించాడు. నిధి దొరకలేదు. బురుజు పునాది మాత్రం బలహీనపడింది. ఊట పక్కన డయానా గుడి అని పిలిచే కట్టడం మధ్యయుగంలో సన్యాసినుల మఠంగా ఉన్నన్నాళ్లూ కప్పుతో సహా నిలిచింది. పదహారో శతాబ్దపు మతయుద్ధాల్లో మఠం ఖాళీ అయ్యాక ధ్వంసమైంది. ఇప్పుడది అందమైన శిథిలం. ఫోటోలకు బాగుంటుంది, ఎండకీ వానకీ నీడనివ్వదు.

ఈ రెండు రకాల వాడుకా ఒకే కట్టడంలో పెనుగులాడిన చోటు నీమ్‌కు కొద్ది దూరంలోని పోన్ ద్యు గార్. సుమారు 50 కిలోమీటర్ల కాలువ ద్వారా ఊరికి ఊటనీళ్లు తెచ్చిన రోమన్లు, గార్డాన్ నదిని దాటించడానికి మూడు అంతస్తుల కమానులతో 49 మీటర్ల ఎత్తున కట్టిన వంతెన అది. కాలువ మొదలు నుంచి చివర దాకా మొత్తం వాలు పన్నెండు మీటర్ల పైచిలుకే. మన చెరువు కాలువలు తవ్వే మేస్త్రీలు ఈ అంకె విని తల పంకిస్తారు. నీళ్లు ఆరో శతాబ్దం ప్రాంతంలో ఆగిపోయాయి. నీళ్లు ఆగినా నది దాటే మనుషులు ఆగలేదు. బండ్లు పట్టడం కోసం రెండో అంతస్తు స్తంభాలను ఒక పక్క చెక్కేశారు, వంతెన ఒరిగే ప్రమాదం వచ్చింది. ఆ దారి అవసరం కాబట్టే చెక్కిన చోటును మళ్లీ పూడ్చారు. 1743, 1747 మధ్య పాత వంతెనను ఆనుకునే కొత్త రోడ్డు వంతెన కట్టారు. గాయం చేసిందీ కట్టు కట్టిందీ ఒకే చెయ్యి. ఆ దారి ఎవరికీ అక్కర్లేకపోతే స్తంభాలను ఎవరూ చెక్కేవారు కాదు, పూడ్చేవారూ కాదు. అప్పుడు దాని రాళ్లు నది వెంట పల్లెల్లో పందిళ్ల కింద దిమ్మెలుగా బాగా పనికొచ్చేవి.

అయితే ఇప్పుడు మనం చూస్తున్న అరీనా ఆ వాడుక నుంచి నేరుగా మన చేతికి రాలేదు. 1786లో లోపలి ఇళ్లు ఖాళీ చేయించడం మొదలైంది. విప్లవంతో ఆగి, పంతొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లలో పూర్తయింది. ఆ వాడ మొత్తం, చర్చిలతో సహా, తుడిచిపెట్టుకుపోయింది. పదమూడు వందల ఏళ్లు గోడను కాచినవాళ్లను ఖాళీ చేయించాకే అది ‘రోమన్’ అయిందంటే కొంచెం చేదుగా ఉంటుంది. కానీ నిజం అదే. ఇసుక మళ్లీ బయటపడింది. ఖాళీ ఇసుకతో ఏం చేయాలన్న ప్రశ్నకు ఊరు చెప్పుకున్న జవాబు ఎడ్ల ఆట. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో స్పెయిన్ పద్ధతి పోరు ఇక్కడికి వచ్చింది. కనుక గ్లాడియేటర్ల నుంచి మాటడార్ల దాకా తెగని పరంపర ఉందని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. మధ్యలో పద్నాలుగు శతాబ్దాల ఖాళీ ఉంది. ‘ఫెరియా’ అని ఊరు ఊపిరిగా చెప్పుకునే ఉత్సవం కూడా మొదలైంది 1952లోనే. మన నాగార్జున సాగర్ శంకుస్థాపనకన్నా అది మూడేళ్లే పెద్దది.

వయసు చిన్నదైనా జోరు చిన్నది కాదు. వేసవి మొదట్లో పెంతెకోస్తు పండగకు అయిదారు రోజులు, సెప్టెంబరులో ద్రాక్షకోతల వేళ మరోసారి ఊరు ఊరంతా వీధుల్లోకి వస్తుంది. రాత్రి ఊరేగింపుతో మొదలవుతుంది. తెల్లగుర్రాల మీద దగ్గరి కమార్గ్ ప్రాంతపు పశువుల కాపరులు ఎడ్లను మధ్యలో బిగించి వీధుల వెంట దౌడు తీయిస్తే దాన్ని అబ్రివాదో అంటారు. కుర్రాళ్లు ఆ గుర్రాల వరుసను చెదరగొట్టి ఎద్దును తప్పించాలని చూస్తారు. పెరళ్లలో, సందుల్లో ‘బొదేగా’ అనే తాత్కాలిక మధుశాలలు వెలుస్తాయి. బాకాలూ డ్రమ్ములూ మోసే వాద్యబృందాలు వాటి మధ్య తిరుగుతుంటాయి. ఈ గుంపులో సగం మంది వేసుకున్న జీన్స్ గుడ్డ, డెనిమ్, ‘ద నీమ్’ అన్న మాటలోంచే పుట్టిందని ఎక్కువమంది చెప్పే వివరణ. ఒకప్పుడు ఇక్కడి మగ్గాల మీద నేసిన గట్టి గుడ్డ పేరది. ఇవి కాక జనవరిలో ఫ్లమెంకో ఉత్సవం, వసంతంలో రోమన్ వేషాలతో అరీనాలో ఆటలు, జూన్, జూలైల్లో పెద్ద కచేరీలు. జర్మన్ బృందం రామ్‌స్టైన్ 2005లో, అమెరికన్ బృందం మెటాలికా 2009లో ఇక్కడ వాయించినవి వీడియోలుగా ప్రపంచమంతా తిరిగాయి. కొద్ది నిమిషాల్లో జనాన్ని బయటికి పంపేలా రోమన్ ఇంజినీర్లు అల్లిన దారుల వలకు ఇంతకన్నా మంచి పరీక్ష ఇంకెక్కడ దొరుకుతుంది?

ఈ వాదనకు గట్టి దెబ్బ ఎడ్ల పోరు దగ్గరే తగులుతుంది. అందులో ఎద్దును చంపుతారు. ఫ్రాన్సు శిక్షాస్మృతిలో పశుహింసను నేరంగా ప్రకటించిన 521-1 అధికరణమే, తెగని స్థానిక సంప్రదాయం ఉందని తేలిన చోట ఈ పోరును మినహాయించింది. 2012లో రాజ్యాంగ మండలి ఆ మినహాయింపును సమర్థించింది. పోరును నిషేధించే బిల్లు 2022లో జాతీయ సభ దాకా వచ్చి వెనక్కిపోయింది. అదే అధికరణంలో కోడిపందేలకూ అలాంటి మినహాయింపు ఉందని తెలిస్తే గోదావరి జిల్లాల వాళ్లు నవ్వుకోవచ్చు. అక్కడ చట్టం ఒప్పుకుని హద్దు గీసింది. ఇక్కడ చట్టం వద్దంటున్నా సంక్రాంతి మూడు రోజులూ బరులు వెలుస్తూనే ఉన్నాయి. వాడుక కట్టడాన్ని కాపాడుతుందన్నంత మాత్రాన కట్టడం ప్రతి వాడుకనూ కాపాడాలన్న నియమం లేదు. అరీనాకు ఎద్దు నెత్తురు అవసరమైతే విసిగోతుల కాలంలోనే కూలి ఉండేది. పైగా ప్రత్యామ్నాయం ఆ నేలలోనే ఉంది. కమార్గ్ పద్ధతి ఆటలో తెల్లబట్టలు కట్టిన కుర్రాళ్లు ఎద్దు కొమ్ముల మధ్య కట్టిన గుర్తులను చేతి కొక్కెంతో లాగి గోడ దూకుతారు. ఎద్దును చంపరు, అది ఏడాది తర్వాత ఏడాది మళ్లీ వస్తుంది, దానికి అభిమానులుంటారు, పోస్టర్ మీద మనిషి పేరుకన్నా ఎద్దు పేరే పెద్దదిగా వేస్తారు. స్పెయిన్ పద్ధతి పోరు ఆగిపోయిన నీమ్‌ను ఊహించడం కష్టమేమీ కాదు. జనం రాని అరీనాతో నీమ్‌ను ఊహించడమే కష్టం.

వేల మంది తొక్కిడికి, స్పీకర్ల అదురుకు రాయి అరుగుతుంది కదా అంటారు. అరుగుతుంది. కానీ సున్నపురాతి కట్టడానికి మొదటి శత్రువు పైనుంచి కారి, కీళ్లలో ఇంకే వాననీరు. ఆ శత్రువు జనం వచ్చినా రాకపోయినా వస్తుంది. బయటి గోడకు 2009 నుంచి కమాను వెంట కమానుగా మరమ్మతు సాగుతోంది. అది ఏళ్ల తరబడి డబ్బు అడిగే పని. తరచూ తమ పిల్లలు వెళ్లి కూర్చునే చోటుకు పన్ను కట్టడానికి ఊరు ఒప్పుకున్నంత తేలిగ్గా, తాడు కట్టి దూరం నుంచి చూపించే రాళ్లకు ఒప్పుకోదు. 1988లో చలికాలానికి గాలి నింపిన కప్పు ఒకటి అరీనా లోపల బిగించారు, కొన్నేళ్ల తర్వాత తీసేశారు. రాయికి పెద్ద గాయం చేయకుండా పెట్టి తీయగలిగిన వాడుక అది. ఆ కొలత చాలు. అరీనాకు ఎదురుగానే 2018లో రోమన్ మ్యూజియం తెరిచారు. ఎలిజబెత్ ద పోర్ట్‌జాంపార్క్ గీసిన ఆ గాజుభవనం రోమన్ ఉత్తరీయపు మడతల్లా మెరుస్తుంది. అందులో భద్రంగా దాచాల్సిన మొజాయిక్‌లూ శాసనాలూ ఉన్నాయి, ఉండాలి. దాచాల్సినవీ వాడాల్సినవీ వేరని ఊరు ఎదురెదురుగా పెట్టి చూపిస్తోంది.

యునెస్కో ఈ లెక్కను ఒప్పుకోలేదనే చెప్పాలి. పురాతనం వర్తమానంలో బతుకుతోందన్న వాదనతో నీమ్ తన కట్టడాలన్నిటినీ కలిపి ప్రపంచ వారసత్వ జాబితాకు పంపింది. 2018లో అది నెగ్గలేదు. ఊరు దరఖాస్తును కుదించి ఒక్క మేజోన్ కారెను పంపితే 2023 సెప్టెంబరులో జాబితాకెక్కింది. దాన్ని బట్టి వాడుక వల్లే అరీనా ఓడిపోయిందని తేల్చలేం. నలభై నిమిషాల దూరమైనా లేని ఆర్ల్‌లో కూడా ఎడ్లాటలు జరిగే అరీనా ఉంది. ఒరాంజ్‌లో రోమన్ థియేటర్ రాతిగోడ ముందు ఆపెరాలు ఆడతారు. ఆ రెండూ 1981లోనే జాబితాలో ఉన్నాయి. నా మటుకు నాకు తోచేది వేరు. నిపుణులకు ఒక కాలంలో ఆగిపోయిన వస్తువు విలువ కొలవడం సులువు. గుడి, కోట, వాడ, బరి, కచేరీ వేదిక అన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకున్న వస్తువును కొలిచే తూనిక ఇంకా వాళ్ల దగ్గర లేదు.

నీమ్ వెళ్లే తెలుగువాళ్లకు మనసులో మెదలాల్సిన చోటు ఒకటుంది. నాగార్జున కొండ తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలతో పాటు, నాలుగు వైపులా మెట్ల వరుసలున్న ఇక్ష్వాకుల కాలపు రంగస్థలం బయటపడింది. రోమన్ ప్రభావం ఉందా లేదా అన్నది పండితుల తగువు. సాగర్ నీళ్లు ముంచకముందే దాన్ని ఒడ్డుకు తెచ్చి అనుపులో తిరిగి నిలిపారు. ఒకసారి పీకి పేర్చిన కట్టడమే కాబట్టి, నలుగురు కూర్చుని ఒక వీధినాటకం చూస్తే దాని పవిత్రత ఏమీ పోదు.

ఫెరియా వారంలో నీమ్‌లో గది దొరకడం కష్టం, అద్దెలు మండిపోతాయి, అరీనా చూసే వేళలు కూడా మారిపోతాయి. రాళ్లు మాత్రమే చూడాలనుకునేవాళ్లు నవంబరులో వెళ్లడం మేలు. కట్టడం పనిచేస్తుండగా చూడాలంటే జూలైలో ఏదో ఒక కచేరీకి, ఎవరిదైనా సరే, పై వరుసల టికెట్ కొనండి. అవే చవక. అక్కడ వీపు ఆనించుకోవడానికి ఏమీ ఉండదు, రాయి అర్ధరాత్రి దాకా పగటి వేడి వదులుతూనే ఉంటుంది. చిన్న దిండు ఒకటి వెంట తీసుకెళ్లండి.